ఎడమ చెవి

కరేడు రొయ్యల గుంటల మీద
ఏరేటర్లు తిరిగితేనే నాకు అన్నం.
బేరింగు అరిగితే కబురొస్తుంది,
వైండింగు కాలితే రాత్రయినా పోతాను.
ఆ గుంటలే
నూటఅరవై మీటర్ల బ్యాండు మీద
నా చెవుల్లో ఇసక పోసేవి.

మోటార్లది కాదు తప్పు.
వేగం మార్చే డ్రైవు పెట్టెలది,
సముద్రపు గాలికి ఉప్పు పట్టి
స్తంభాల మీద చిటపటలాడే పింగాణీది.
మీటరు ముల్లు తొమ్మిది దగ్గర
కట్టేసిన గొడ్డులా నిలబడేది.
నా పిలుపు ఎక్కడెక్కడో దిగేది,
వాళ్లు బదులిచ్చేవాళ్లు, నాకే వినపడేది కాదు.
బ్యాండు మీద నాకు పడిన పేరు
చెవిటి మేళం.

మార్గశిరంలో ఒక రాత్రి, మూడు దాటాక
హోరు ఆగింది.
తలుపేసినట్టు కాదు,
బిందెలో నీళ్లు తేరినట్టు.
ముల్లు పడుకుంది.
అట్టడుగున, గవ్వ కదిలినట్టు,
ఒక నెమ్మది చేతి మోర్సు.
ఎక్కడో మంచు దేశపు మనిషి
నా పిలుపుగుర్తులో చివరి అక్షరం తప్ప
అన్నీ పట్టుకున్నాడు,
ఆ ఒక్కటీ అడుగుతున్నాడు.
కీ మీద వేలు పెట్టాను.
అప్పుడు తట్టింది,
ఇంత నిశ్శబ్దం ఎక్కణ్ణించి వచ్చింది?

నా రేడియో బ్యాటరీ మీద ఉంది.
కరెంటు పోయింది.
జనరేటరు అందుకోలేదు.
రొయ్యకి ఊపిరాడకపోతే
అరగంటలో నీళ్ల మీదికి వస్తుంది.
హెడ్‌ఫోను బల్ల మీద పడేసి బండెక్కాను.
వెనక అతనింకా అడుగుతూనే ఉన్నాడు.

గట్టు మీద కాపలా మస్తానమ్మ
టార్చి నా మొహాన కొట్టి
"ఇంకా ఫోనే చెయ్యలా, నీకెట్టా తెలిసిందబ్బయా?"
"మీరు ఇనపళ్లా, అందుకే."
డీజిలు పైపులో గాలి.
నోటితో పీల్చి ఉమ్మాను.
రెండు గంపలు పోయినయ్, తక్కినవి బతికినయ్.
తెల్లారి కాఫీ కూడా డీజిలే.

ఆ వారమే తీగ మొదలుపెట్టాను.
ముందు గుంటగట్టు వెంట లాగాను, దండగ.
అల కాస్త ఒరిగితేనే తీగకి చిక్కుతుంది,
ఉప్పునేల మీద నిటారుగా నడిచి పోతుంది.
రోడ్డుకి పడమట, మాలకొండయ్య సపోటా తోటలో
ఎండిన ఇసకనేల దొరికింది.
భుజమెత్తు సరుగుడు గుంజలు,
నూటడెబ్బై మీటర్ల తీగ,
వాయవ్యపు కొసన నాలుగొందల డెబ్బై ఓముల రెసిస్టరు,
దాని కింద రాగి మేకు.
వాయవ్యం నించి వచ్చేది నా దగ్గరికి నడిచొస్తుంది.
ఆగ్నేయం నించి వచ్చేవి,
గుంటల గోలా, బంగాళాఖాతం మెరుపులూ,
ఆ కొస దాకా పోయి
రెసిస్టరులో వేడయి చస్తాయి.

చావలేదు.
ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు,
నాకు మూడు వారాలు పట్టింది.
గోల తీగలోంచి కాదు,
కేబులు పై తొడుగు పట్టుకుని
మా ఇంటి మీదుగానే వస్తోంది.
ట్రాన్స్‌ఫార్మరు రెండు చుట్లనీ
ఒకే మేకుకి కట్టిన తెలివి నాది.
విడదీశాను.
ఐదు మీటర్ల అవతల ఇంకో మేకు,
కేబులుకి ఫెరైటు కడియంలో తొమ్మిది చుట్లు.
ఆ రాత్రి ముల్లు రెండు దగ్గర కునికింది.

మస్తానమ్మకి చెబితే
చాలాసేపు గుంటకేసి చూసి
"అయితే మేం ఇంక ఇనపడమా నీకు?" అంది.

ఇంటికొచ్చి
పాత సైకిలు రిమ్ముకి తీగ చుట్టాను.
కిటికీలో నిలబెట్టి
గుంటల వైపు తిప్పాను.
రెండో రిసీవరు, ఎడమ చెవికి.

ఈ రాత్రి కుడి చెవిలో
నెమ్మది చేతి మనిషి
చివరి అక్షరం సరిగ్గా పలికాడు.
ఎడమ చెవిలో ఇసక పోస్తూనే ఉంది.
పొయ్యనీ.